శ్రీ వాటంతటవే గారి బెండ మొక్కలు

నిరుడు తొలకరి పడిన పదో రోజున మా ఊళ్ళో రెబ్కమ్మ స్నానాల దడి పక్కన తొమ్మిది బెండ మొక్కలు ఎవరి అనుమతీ లేకుండా మొలిచాయి. వాటిని ఎవరూ విత్తలేదు. ప్యాకెట్టు చింపలేదు, మందు పట్టించలేదు, మంచిరోజు చూడలేదు. చిలకలూరిపేటకూ అద్దంకికీ నడుమ, పత్తీ మిరపా తప్ప మూడో మాట వినపడని ఈ నల్లరేగడిలో ఇంతటి బాధ్యత లేని మొలక మునుపెన్నడూ జరగలేదని కాదు. జరిగినా పెద్దల దృష్టికి రాలేదు. రాకపోవడమే మొక్కలకు మంచిదని మాకు తరవాత తెలిసింది.

మా వైపు విత్తనానికుండే మర్యాద ముందు చెప్పాలి. మా రైతు గింజ వేసిన రోజే ఖాళీ ప్యాకెట్టును కర్రకు గుచ్చి చేనుగట్టు మీద పాతుతాడు. దారిన పోయేవాళ్ళు చేను వంక చూడరు, ప్యాకెట్టు వంక చూస్తారు. "ఏం రకం?" అని అడగకుండా ఒక మొక్కను మెచ్చుకోవడం మాకు చేతకాదు. పైరు ఎండిపోయినా ప్యాకెట్టు మాత్రం రంగు తగ్గకుండా, బొమ్మ నిండా కాయలతో గట్టు మీద కళకళలాడుతూ ఉంటుంది. కొన్ని సంవత్సరాల్లో మా పొలాల్లో బాగా పండింది ఆ బొమ్మలే.

రెబ్కమ్మ మొక్కల దగ్గర ప్యాకెట్టు లేదు కాబట్టి అవి ఏమిటన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. బెండకూ పత్తికీ లేత ఆకులు దాదాపు ఒకలాగే ఉంటాయి. ఎదురింటి చలమయ్య గారు ప్రహరీ మీదుగా చూసి, నలభై ఏళ్ళ అనుభవంతో అవి పత్తి మొక్కలేనని తేల్చారు.

"రెబ్కా, దోమ పడుద్ది. ఇప్పుడే ఒక డోసు కొట్టు," అన్నారు.

"కూర చేసుకునేదానికి మందెందుకయ్యా?"

"పత్తితో కూరేందే?"

"నేనూ అదేగా అడిగేది," అంది రెబ్కమ్మ.

రెబ్కమ్మ కూలికి పోతుంది. మిరప నాట్లకు, పత్తి తీతలకు, మిరపకాయ కోతలకు. పగలంతా ప్యాకెట్టున్న మొక్కల దగ్గర ఒంగి ఒంగి సాయంత్రం ఇంటికొచ్చి, ప్యాకెట్టు లేనివాటి దగ్గర కాసేపు ఒంగుతుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఆ బెండ ఆవిడ తల్లి వినుకొండ వైపు నుంచి తెచ్చుకున్నది. ఎనిమిది పలకలు, ఒంటి నిండా నూగు, పొట్టి కాయ. సంతలో పెడితే ఎవరూ తిరిగి చూడరు. పులుసులో వేస్తే మాత్రం పక్కింటివాళ్ళు గిన్నెతో వస్తారు.

ప్రతి ఏడూ ఆవిడ చేసే పని ఒకటుంది. మంచి మొక్కకు మంచి కాయ చూసి, దాని తొడిమకు పాత చీర పీలిక కడుతుంది. ఇది కూరకు కాదు, విత్తనానికి అని గుర్తు. గుడ్డ కట్టిన కాయను ఇంట్లోవాళ్ళు గానీ ఇరుగుపొరుగు గానీ ముట్టుకోరు. అది చెట్టు మీదే ముదిరి, ఎండి, పలకలు విచ్చే ముందు కోసి, గింజలు బూడిదలో కలిపి డబ్బాలో దాస్తుంది. అంతకుముందు ఏడు వానకు కప్పు కారి, డబ్బాలో నీళ్ళు చేరి గింజలన్నీ బూజు పట్టాయి. ఆవిడ చూసుకోకుండా చెట్టు మీదే వదిలేసిన కాయ ఒకటి దడి పక్కన పగిలి రాలింది. అందులోంచి మొలిచినవే ఈ తొమ్మిది. ఇవీ పోతే తల్లి తెచ్చిన బెండ ఇక లేనట్టే. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆగస్టు చివర్లో అన్నిటికన్నా బలమైన మొక్కకు ఒక కాయ చూసి, ఎర్రచీర పీలిక కట్టి ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే జిల్లా స్థాయిలో 'ఉత్తమ పెరడు' పోటీ పెట్టారు.

మా ఊరి తరఫున గెలవవలసినవారు ముందే ఖరారయ్యారు. వేణుగోపాల్ గారు ముప్పై ఏళ్ళు విత్తనాల దుకాణం నడిపి, దాన్ని కొడుక్కప్పగించి, 'పచ్చ పెరడు సంఘం' స్థాపించి, తామే అధ్యక్షులై, మేడ మీద తోట పెంచుతున్నారు. నలభై సంచులు, కొబ్బరిపొట్టు, పైన నీడవల, చుక్కచుక్కగా నీళ్ళు వదిలే గొట్టాలు. ప్రతి సంచిలో ఒక కర్ర, కర్రకు ప్యాకెట్టు. పదకొండు సంచుల్లో మొక్క కూడా ఉండేది. బెండ ఆకులన్నీ పల్లాకు తెగులు పట్టి పసుపుగా తిరిగితే, "రకమే అంత, బంగారు ఛాయ," అని ఆయన చెప్పేవారు. మేమూ చూసి, నిజమే, బంగారు ఛాయేనని ఒప్పుకునేవాళ్ళం. ఆయన దుకాణంలో మందు తెచ్చుకునేవాళ్ళం కదా.

పరిశీలనకు బిందుమాధవి గారనే ఉద్యోగిని వచ్చారు. చేతిలో ఫోను, అందులో గడులు. మేడ ఎక్కి నలభై ప్యాకెట్లను శ్రద్ధగా ఫొటోలు తీసుకున్నారు. దిగి వీధిలోకి వచ్చేసరికి వాన వెలిసిన రేగడి మోకాలి దాకా పట్టుకుంది. చెప్పు ఒకటి అందులోనే ఉండిపోయింది. కాళ్ళు కడుక్కోవడానికి దగ్గర్లో దొరికింది రెబ్కమ్మ దడి. రెబ్కమ్మ చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆమె తల పక్కకు తిప్పారు. తిప్పిన తల కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఎంత బాగున్నాయండీ. ఎవరు నాటారు?"

"ఎవురూ నాటలేదమ్మా. వాటంతటవే మొలిచినయ్."

"అంటే ఎవరో ఒకరు వేసుంటారు కదండీ."

"కాయ పగిలింది, గింజ రాలింది, వాన పడింది. ముగ్గురిలో ఎవుర్ని రాసుకుంటావో రాసుకో."

ఫోనులో 'నాటినవారి పేరు' అని ఒక గడి ఉంది. అది నిండితే గానీ తరవాతి గడి తెరుచుకోదు. ముగ్గురికి అందులో చోటు లేదు. పోనీ మీ పేరే రాస్తానన్నారు బిందుమాధవి గారు.

"వద్దులేమ్మా. నేను చెయ్యని పని చేశానని రాయిస్తే ఆదివారం గుడిలో ఏ మొహం పెట్టుకుని కూచోను?"

పొద్దు పోతోంది, చెప్పు వెతుక్కోవాలి. బిందుమాధవి గారు ఆ గడిలో 'వాటంతటవే' అని కొట్టారు. ఫోను క్షణం ఆలోచించి, సంతృప్తి పడి, ముందుకు కదిలింది. వెళ్ళేముందు ఆమె ఎర్ర పీలికను చూసి, "దిష్టికా?" అని అడిగారు. "విత్తనానికమ్మా," అంది రెబ్కమ్మ. ఆ మాటకు గడి లేదు.

సెప్టెంబరు చివర ఫలితాలు వచ్చాయి. జిల్లా మొత్తం మీద ప్రథమ బహుమతి, మా ఊరి వాస్తవ్యులు, ఆదర్శ పెరటి రైతు శ్రీ వాటంతటవే గారికి. ఒక జ్ఞాపిక, ఒక ప్రశంసాపత్రం. అక్టోబరులో మా ఊళ్ళోనే సన్మాన సభ.

ఊరు ఉప్పొంగిపోయింది. ఆనక, వాటంతటవే గారెవరన్న ప్రశ్న వచ్చింది. అటువంటివారు ఎవరూ లేరని పైకి రాస్తే బహుమతి పక్క మండలానికి పోతుంది. కనక లేనివారిని వెతికిపెట్టడం గ్రామాభిమానం గలవారందరి బాధ్యత అయింది. సంఘం అత్యవసర సమావేశం జరిగింది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని తీర్మానాల పుస్తకం నాకిచ్చారు. అందులో ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

చలమయ్య గారు మొదట లేచారు. "నిరుడు మా పుంజు ఆ దడి మీదెక్కే కూసేది. గింజ తినింది, రెట్టేసింది. నాటింది మా పుంజు. పుంజు నాది. ఇందులో అర్థం కానిదేముంది?" రెండు నెలల కిందటి వరకూ ఆయన వాటిని పత్తి మొక్కలన్నారని ఎవరో గుర్తు చేశారు. "పుంజు ఏం తినిందో నాకెట్టా తెలుసుద్ది?" అన్నారాయన. పుంజును హాజరుపరచమని సంఘం కోరింది. బావమరిది వచ్చినప్పుడు కోశామని తేలింది. ప్రధాన సాక్షి లేనందున వాదన కొట్టివేయబడింది.

కుళాయి నీళ్ళు వదిలే మాబు సాహెబ్ గారు, ఆ మొక్కలు తాగింది తాను వదిలిన నీళ్ళేనని విన్నవించారు. ఆ లెక్కన ఊళ్ళో జనమంతా ఆయన నాటినవాళ్ళే అవుతారని అభ్యంతరం వచ్చింది. ఆయనకు ఆ అభ్యంతరం నచ్చి, కూర్చున్నారు.

అప్పుడు వేణుగోపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుని ఫలితాల కాగితం అందుకున్నారు.

"పేరు జాగ్రత్తగా చదవండయ్యా. 'వాటంతట'. ఆ తరవాత? 'వే'. 'వే' అంటే ఎవరు? ఊళ్ళో 'వే'తో మొదలయ్యే పేరు ఎవరిది? అచ్చులో 'ణుగోపాల్' ఎగిరిపోయింది, అంతే."

 సభ చప్పట్లు కొట్టింది. 'వాటంతట' మాటేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంటిపేరు అయి ఉంటుందనుకున్నాం.

రెబ్కమ్మను పిలిచి, అభ్యంతరం ఏమైనా ఉందా అని అడిగారు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఎవురు నాటారని రాసుకున్నా నాకేం లేదయ్యా. ఆ గుడ్డ కట్టిన కాయ ఒక్కటి మాత్రం నాకుంచండి. ఇంకో పదిహేను రోజులకు ఎండుద్ది. ఆ గింజ పోతే మళ్ళీ దొరకదు."

"ఒక్క కాయేగా రెబ్కమ్మా. దాన్ని ఈ ఊళ్ళో ఎవడు ముట్టుకుంటాడో నేనూ చూస్తా," అన్నారు వేణుగోపాల్ గారు. ఏడో తీర్మానం: గుడ్డ కట్టిన కాయకు సంపూర్ణ రక్షణ కల్పించవలెను. ఏకగ్రీవం.

ఏర్పాట్లు మర్నాడే మొదలయ్యాయి. శ్రీ వాటంతటవే గారి తోట శ్రీ వేణుగోపాల్ గారి మేడ మీద లేకపోవడం చూసేవారికి ఎబ్బెట్టుగా ఉంటుందని, మూడు మొక్కలను పెకలించి సంచుల్లోకి మార్చారు. అవి రెండో రోజుకే బంగారు ఛాయకు తిరిగి, మూడో రోజున వాలిపోయాయి. షామియానా గుంజలకు రెండు అడ్డొచ్చాయి. అతిథులు బురదలో నిలబడకుండా దడి పక్కనంతా సిమెంటు గచ్చు చేయించారు, అందులో రెండు కలిసిపోయాయి. ఒకదాన్ని వేర్లతో సహా పీకి, 'నేలలో పెరిగిన సహజ బెండ' అన్న అట్టముక్కతో ప్రదర్శనకు పంపారు. మిగిలింది గుడ్డ కట్టిన కాయ ఉన్న మొక్క. దాని చుట్టూ జానెడు మట్టి వదిలి గచ్చు ఆపారు. ఏడో తీర్మానాన్ని అక్షరాలా పాటించారు. లేతకాయలు మాత్రం కోశారు. ముఖ్య అతిథికి బెండకాయల దండ వెయ్యాలి కదా. దండకు ఆ కాయలు చాలక, మిగతావి సంత నుంచి తెప్పించి, అందంగా ఉన్నాయని వాటిని ముందువైపు గుచ్చారు.

మొక్క దగ్గర ఒక శిలాఫలకం కూడా పెట్టారు. దాని పక్కనే, సంప్రదాయం తప్పకుండా, కర్రకు ఒక ప్యాకెట్టు. బెండ ప్యాకెట్లు మేడ మీద వాడేయడం వల్ల ఇది సొరకాయది.

సభకు ముందురోజు సాయంత్రం అలంకరణ చూడటానికి వచ్చిన వేణుగోపాల్ గారి కంట్లో ఆ ఎర్ర పీలిక పడింది. వెలిసిపోయి, నూలు పోగులు వేలాడుతూ ఉంది. అంత పెద్ద సభలో చిరిగిన గుడ్డేమిటని ఆయన మనసు నొచ్చుకుంది. కాయను ముట్టుకోరాదని తీర్మానం ఉంది కానీ గుడ్డ సంగతి అందులో లేదు. కాయకు ఏమాత్రం దెబ్బ తగలకుండా, ఎంతో సున్నితంగా పీలిక విప్పించి, దాని స్థానంలో నిగనిగలాడే ఎర్ర శాటిన్ రిబ్బను కట్టించారు. రెండు చెవులూ సమానంగా వచ్చేలా ముడి వేయించారు. ఆ మాత్రం అభిమానం ఊళ్ళో ఇంకెవరికుంటుంది?

మర్నాడు తెల్లవారుజామున వాన పడి ఆగింది. పదింటికి సభ. ముఖ్య అతిథి బాపయ్య గారు పన్నెండింటికి వచ్చారు. ఆయన పొరుగూరి పెద్ద, సభలకు అలవాటు పడిన మనిషి. దండ వేయించుకుని, ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా, ఈ రోజు నేను ఒక మొక్కను చూడటానికి రాలేదు. ఒక మనిషిని చూడటానికి వచ్చాను. మొక్క ఎవరికైనా మొలుస్తుంది. నాటినవాడే గొప్పవాడు. వాటంతటవే గారూ, మీవంటివారు ఊరికొక్కరుంటే ఈ దేశంలో పనులన్నీ వాటంతటవే జరిగిపోతాయి."

వేణుగోపాల్ గారు లేచి నమస్కరించారు. ప్రశంసాపత్రం ఆయన చేతికి వచ్చింది. తరవాత ముఖ్య అతిథిని మొక్క దగ్గరికి తీసుకెళ్ళారు. పళ్ళెంలో కత్తెర ఉంది. అది శిలాఫలకం మీది తెర తాళ్ళు కత్తిరించడానికి పెట్టినది. కానీ ముప్పై ఏళ్ళుగా ప్రారంభోత్సవాలు చేస్తున్న మనిషికి ఎదురుగా కత్తెరా, ఎర్ర రిబ్బనూ కనిపిస్తే వేరే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"అయ్యా, ఆగండయ్యా," అని వెనకనుంచి రెబ్కమ్మ గొంతు వినిపించింది. సరిగ్గా అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి.

రిబ్బనుతో పాటు తొడిమ తెగింది. కాయ బాపయ్య గారి చేతిలోకి వచ్చింది. పదిహేను రోజుల గడువు ముందురోజుతోనే తీరి, అది గలగలలాడేంతగా ఎండి ఉంది. ఫొటో కోసం ఆయన దాన్ని పైకెత్తి పట్టుకున్నారు. బాగా కనపడటం లేదని ఫొటోగ్రాఫరు అంటే గట్టిగా పట్టుకున్నారు. పలకలు ఎనిమిదీ ఒక్కసారి విచ్చుకుని, గింజలు జనం కాళ్ళ మధ్యకు చిమ్మాయి.

రెబ్కమ్మ జనాన్ని తోసుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. బాపయ్య గారి బూట్ల చుట్టూ చేతులతో తడుముతోంది. ఆయన కరిగిపోయారు.

"చాలమ్మా, చాల్లే. లే," అని తల మీద చెయ్యి పెట్టారు.

మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటోయే వచ్చింది. 'ముఖ్య అతిథి ఆశీస్సులు అందుకుంటున్న పేద మహిళ.' పక్కన ప్రశంసాపత్రంతో శ్రీ వాటంతట వేణుగోపాల్ గారు.

ఆవిడ లేచేసరికి గ్రూపు ఫొటో కోసం నూట యాభై మంది ఆ చోట నిలబడ్డారు. షామియానా కింద గచ్చు మీదకు బయటి బురద తొక్కుకుంటూ వచ్చిన కాళ్ళవి. మా రేగడి సంగతి తెలుసు కదా, అడుగు పెట్టినవాణ్ణి ఊరికే పంపదు. ప్రతి చెప్పూ కింద ఒక ముద్ద, ప్రతి ముద్దలో ఏదో ఒకటి. అందరూ ఇళ్ళకు వెళ్ళాక రెబ్కమ్మ గచ్చంతా వెతికింది. ఒక్క గింజ దొరికింది. నొక్కి చూస్తే తాలు. మొక్క కూడా లేదు, జ్ఞాపికగా బాగుంటుందని అతిథి గారి కారులో పెట్టారు. ఆవిడ సొరకాయ ప్యాకెట్టు వంక కొంచెంసేపు చూసి, మర్నాడు యథాప్రకారం పత్తి తీతకు వెళ్ళింది.

ఈ ఏడు తొలకరి పడింది.

పదో రోజున మా ఊళ్ళో బెండ మొలిచింది. వేణుగోపాల్ గారి మెట్ల పక్కన, చలమయ్య గారి ప్రహరీ వారన, మాబు సాహెబ్ గారి కుళాయి దగ్గర, సంఘం ఆఫీసు ముందు, షామియానా సామాను దించిన చోట. పొరుగూరిలో బాపయ్య గారు బూట్లు దులుపుకునే గుమ్మం పక్కన అయిదు మొలిచాయట. రెబ్కమ్మ దడి దగ్గర ఒక్కటీ లేదు. అక్కడ గచ్చు చాలా నాణ్యంగా వచ్చింది.

ఈసారి సంఘానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఎవరిని అడిగినా నేనే నాటానన్నారు. కొందరు నాటిన వారం కూడా చెప్పారు. ఎండుపేడ వేశామన్నారు, ఈశాన్యం చూశామన్నారు. చలమయ్య గారు కొత్త పుంజును కట్టేసి సాక్ష్యం కోసం భద్రంగా ఉంచారు. పోటీ ఫారంలో కూడా ఒక వాక్యం చేర్చారు: 'వాటంతటవే అను పేరు గలవారు గుర్తింపు కార్డు జతపరచవలెను.'

మా ఇంట్లోనూ నాలుగు మొలిచాయి, నేను చెప్పులు విడిచే చోట. ఆ రోజు తీర్మానాల పుస్తకం పట్టుకుని నేనూ ఫొటోలో నిలబడ్డాను.

మొన్న మిరప నాట్లకు కూలి ఉందేమో అడగడానికి వచ్చినట్టు వచ్చి రెబ్కమ్మ మా మెట్ల దగ్గర ఆగింది. వంగి ఒక కాయను వేళ్ళతో తిప్పి, పలకలు లెక్కపెట్టింది. ఎనిమిది దాకా పెదవులు కదలడం చూశాను.

"ఎవురమ్మా నాటింది?"

"మా పిల్లే," అంది మా అమ్మ లోపలినుంచి, తడుముకోకుండా.

రెబ్కమ్మ నా వంక చూసింది. ఫారం నా చేతిలోనే ఉంది. నాటినవారి గడి అప్పటికే నింపాను, గుండ్రంగా.

"చెయ్యి మంచిదమ్మా నీది," అంది నవ్వకుండా. కొంగు అంచు చింపి ఒక పీలిక నా చేతిలో పెట్టింది. "ఈ కాయ ముదరనియ్యి. కట్టేటప్పుడు మాత్రం రిబ్బను కట్టబాక."